పటం వెనక్కి తిప్పితే

శనివారం, రాత్రి పదిన్నర

మణికట్టు పీకుతోంది. అయినా ఈ రోజు సంగతి రాసుకోకుండా పడుకోబుద్ధి కావడం లేదు.

పొద్దున ఆరింటికల్లా విజయవాడ సత్యనారాయణపురంలో ఉన్నాం. కాలం చేసిన ఒక డ్రాయింగు మాస్టారి ఇంట్లోంచి పదకొండు బొమ్మలు ఎగ్జిబిషన్‌కి తరలించాలి. నేను, బాబాయ్, వ్యాను డ్రైవరు. బాబాయ్ నాకు సొంత బాబాయేమీ కాదు. చాలా ఏళ్లు హమాలీ పని చేసి ఇందులోకి వచ్చాడు. ఏ బరువు ఎటు ఒరుగుతుందో ఆయన చూడగానే చెప్పేస్తాడు. ఏ రంగు ఎక్కడ ఊడేలా ఉందో నేను చెబుతాను.

ఈ ఉద్యోగానికి మన దగ్గర పేరు లేదు. ఆర్ట్ హ్యాండ్లర్, అంటే బొమ్మల్ని పాడవకుండా తరలించేవాడు అంటే ఎవరికీ తెలియదు. "మ్యూజియాల వాళ్ల సామాన్లు మోస్తాడు" అని మా అత్తయ్య చుట్టాలకి చెబుతుంది. నిజమే, మోస్తాను. బొమ్మలూ వేస్తాను. ఫైన్ ఆర్ట్స్ చదువు అయి పదేళ్లు దాటింది, కేవలం బొమ్మలమ్మి ఇల్లు గడిపిన నెల ఇంతవరకూ లేదు. అద్దె, పిల్ల ఫీజు, రంగు ట్యూబులు, అన్నీ ఈ మోతలోంచే వస్తున్నాయి.

మాస్టారి భార్య, మామ్మగారు, అప్పటికే స్నానం చేసి, హాల్లో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. "కాఫీ తాగి మొదలెట్టండి నాయనా" అన్నారు. తాగేసి వాచీ, బెల్టు, జేబులో పెన్ను తీసి పక్కన పెట్టాం. బకిల్ గీసుకుపోతే ఆ గీత బొమ్మకి జన్మంతా ఉంటుంది. పటాన్ని పై చట్టం పట్టుకుని ఎత్తకూడదు. పాత చట్టాల మూలలు ఎండిపోయి ఉంటాయి, పై ముక్క చేతికొచ్చి మిగతాది కాళ్ల మీద పడుతుంది. ఒక చెయ్యి కింద, ఒక చెయ్యి పక్కన ఉండాలి. తెల్లటి నూలు గ్లౌజులు చాలామంది వేసుకుంటారు గానీ, పెచ్చు లేచిన రంగుకి నూలుపోగు తగులుకుంటే పెచ్చు దాంతోపాటే వచ్చేస్తుంది. నేను నైట్రైల్ అనే పల్చటి రబ్బరు గ్లౌజులే వాడతాను.

ఎనిమిదోది కృష్ణా నది. సీతానగరం వైపు నుంచి, పొద్దుగూకే వేళ. బ్యారేజీ 70 గేట్లలో బొమ్మలోకి వచ్చినవి తొమ్మిదే, మిగతాదంతా నీళ్లు. "అది ఆయన ఎవరికీ అమ్మనన్నది" అన్నారు మామ్మగారు. కిటికీ మూసి టార్చి వేశాను. ఎదురుగా వేస్తే ఏమీ తెలియదు, పక్కనుంచి గోడ వెంట పాకినట్టు వేస్తే ప్రతి పగులుకీ నీడ పడుతుంది. కుడి పక్క కింద, నీళ్ల మధ్యలో, వెంట్రుక మందాన నాలుగు బీటలు. కొలిచి, ఫొటో తీసి, కాగితం మీద రాసుకుని, పటం వెనక్కి తిప్పాను.

వెనక చట్టం చెక్క మీద, వరసగా, వేలిగోరంత రంగు మచ్చలు ఐదు. పక్కన పెన్సిల్‌తో "సా. 5.40". మొదటి మచ్చ మరీ నీలం. రెండోది పచ్చగా తిరిగింది. మూడోదానికి యెల్లో ఆకర్, ఆ మట్టి పసుపు, ఎక్కువైంది. నాలుగోది బూడిద రంగులోకి పోయింది. ఐదోది చూసి పటం ముందుకు తిప్పితే బొమ్మలో నీళ్లు అచ్చం అదే రంగు. మాస్టారు ఆ రంగు కోసం ఐదుసార్లు వెతికారన్నమాట, ఒడ్డున కూర్చుని, వెలుతురు పోతూ ఉండగా. వెతుకులాట వెనక ఉండిపోయింది, దొరికింది ముందుకొచ్చింది.

మామ్మగారిని పిలిచి చూపించాను. ఇన్నేళ్లు ఆ గోడకే ఉన్న బొమ్మ, వెనకేముందో ఆవిడ ఎప్పుడూ చూడలేదట. దగ్గరికొచ్చి చాలాసేపు చూశారు. వేలు మెల్లగా ఐదో మచ్చ మీదికి వెళ్లింది. మేము తప్ప ఎవరూ ముట్టుకోకూడదన్నది నియమం, ఆపాలి. ఆపలేదు. బాబాయ్ తాడు చుట్టుకుంటున్నట్టు అటు తిరిగి నిలబడ్డాడు.

తర్వాత ప్యాకింగ్. ముందు ఆమ్లం లేని పల్చటి కాగితం, దాని మీద బబుల్ ర్యాప్, బుడగలు బయటి వైపుకి. లోపలికి పెడితే ఈ ఎండలకి వార్నిష్ మీద గుండ్రటి అచ్చులు పడతాయి. కిందటిసారి పనిచేసిన ఏజెన్సీలో ఇది చెప్పినందుకు "మోసేవాడివి మోయి" అన్నారు. అచ్చులు పడ్డాక ఖర్చు మా జీతాల్లోంచి కోశారు, రెండు నెలల బాకీ కూడా ఎగ్గొట్టారు. ఆ మాట ఇంకా గుచ్చుతూనే ఉంది. మోసేవాడికి కళ్లు ఉండవని వాళ్లెలా అనుకున్నారో!

బందరు రోడ్డు మీద బాపు మ్యూజియం ముందు నుంచి వెళుతుంటే ఎప్పుడూ ఒక్క క్షణం అటు చూస్తాను. విక్టోరియా రాణి జూబిలీ పేరుతో 1887లో ఆ భవనానికి శంకుస్థాపన చేసింది రాబర్ట్ స్యూయెల్. అంతకు పదేళ్ల ముందు, 1877లో, అమరావతి స్తూపం దగ్గర తవ్వించింది కూడా ఆయనే. అంతకన్నా ముందు 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాల పలకలు మద్రాసు వెళ్లాయి, 1859లో లండన్‌కి ఓడెక్కాయి. తవ్వించిన దొరల పేర్లన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. ఆ పల్నాటి పాలరాళ్లని లేపి, బండ్ల మీదికెక్కించి, రేవు దాకా చేర్చిన చేతుల పేర్లు ఏ పుస్తకంలోనూ నాకు కనపడలేదు. అమరావతి రాయి మెత్తన, తాడు నేరుగా తగిలితే అంచు రాలిపోతుంది. అన్ని వందల మైళ్లు పోయి కూడా పద్మం రేకులు అంత పదునుగా మిగిలాయంటే ఎవరో గడ్డి మెత్తలు సరిగ్గా వేశారు. వాళ్లలో సాయంత్రం ఇంటికెళ్లి సుద్దముక్కతో అరుగు మీద పద్మం గీసుకున్నవాడు ఒక్కడైనా ఉండే ఉంటాడని నా నమ్మకం.

హాలుకి చేరేసరికి పన్నెండున్నర. పెట్టెలు దించి, మూతలు తియ్యకుండా వదిలేశాం. బయటి ఉక్కలోంచి తెచ్చి ఏసీలో వెంటనే విప్పితే కాన్వాసు ఒక్కసారిగా బిగుసుకుని బీటలు పెరుగుతాయి. కనీసం ఒక రోజు పెట్టె లోపలే చల్లబడాలి. సోమవారం విప్పుతాం.

అన్నం తింటూ బాబాయ్ అడిగాడు. "పెద్ద చదువు చదివావు, ఇందులో ఎందుకున్నావురా?" అడిగింది ప్రేమతోనే. అమెరికా చిత్రకారుడు రాబర్ట్ రైమన్ సంగతి చెప్పాను. శాక్సఫోన్ వాయించుకుందామని న్యూయార్క్ వెళ్లి, 1953 నుంచి 1960 దాకా అక్కడి మోమా అనే ఆధునిక కళల మ్యూజియంలో గార్డుగా నిలబడ్డాడు. రోజంతా బొమ్మల ఎదురుగా నిలబడీ నిలబడీ రంగులు కొనుక్కున్నాడు. తర్వాత బతుకంతా దాదాపు తెలుపు మీదే పనిచేశాడు. తర్వాత పేరుపడ్డ కళాకారులు సాల్ లెవిట్, డాన్ ఫ్లేవిన్ కూడా ఆ రోజుల్లో అదే మ్యూజియంలో చిన్న ఉద్యోగాలు చేసినవాళ్లే. బాబాయ్ అంతా విని, "అయితే నిలబడటం కూడా చదువేనంటావ్" అని చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

ఇంటికొచ్చేసరికి ఐదు. సింగ్‌నగర్‌లో మాది కింది వాటా. 2024 సెప్టెంబరులో బుడమేరు వచ్చినప్పుడు గోడ మీద పడ్డ నీటి చార సున్నం కింద ఇంకా తెలుస్తుంది. ఆ రోజు పిల్లని, కాగితాల సంచిని మేడ మీదికి చేర్చేసరికి నా కాన్వాసులు పద్నాలుగూ నీళ్లలో ఉన్నాయి. తడిసిన బొమ్మని ఎండలో పెట్టకూడదు, రంగు వైపు పైకి ఉంచి నీడలో బల్లపరుపుగా ఆరనివ్వాలి. వాళ్ల బొమ్మలకీ వీళ్ల బొమ్మలకీ నేర్చుకున్నదంతా నా వాటికి చేశాను. మూడు దక్కాయి. వాటిలో ఒకటి బల్ల పక్కనే ఉంది, కింది సగం బురద రంగు పీల్చుకుని. దాన్ని కడగలేదు.

ఏడింటికి కూర్చున్నాను. ఆ ఐదో మచ్చ కలుపుదామని. అల్ట్రామెరైన్ నీలం, కొంచెం ఆకర్, చిటికెడు తెలుపు. చెక్కముక్క మీద ఒక్కోటీ పెట్టుకుంటూ వెళ్లాను. నాలుగోదాని దాకా దగ్గరగానే వచ్చాను. ఐదోదాంట్లో ఎక్కడో ఎరుపు ఉంది, బర్న్‌ట్ సియన్నా అనే ఎర్రమట్టి రంగు అనుకుని వేస్తే ఇటుక రంగుకి పోయింది. మా ఆవిడ వచ్చి చూసి, "కుంకుమ నీళ్లలో కలిసినట్టుండాలేమో" అంది. ఉండొచ్చు. క్రిమ్సన్ ఎరుపు ట్యూబు అయిపోయింది, జీతం పడ్డాకే కొనాలి.

సోమవారం గోడకి తగిలించేలోపు ఆ పటం ఇంకోసారి వెనక్కి తిప్పి చూసుకోవాలి. తగిలించాక నెలన్నర దాకా కుదరదు.