ఎకరం ఎంత అన్న ప్రశ్న

"ఇంత నేల ఊరికే వదిలేశారేంటమ్మా! ఇక్కడ ఎకరం ఎంత పలుకుతుంది?" అని బావగారు ఈ మధ్యాహ్నం స్విట్జర్లాండులోని మోసాల్ప్ కొండ పచ్చిక మీద నిలబడి అడిగిన ప్రశ్న, ఇంట్లో అందరూ పడుకున్నాక కూడా నన్ను వదలడం లేదు. మా ఇంటికి చుట్టపుచూపుగా వచ్చిన బావగారికి ఏ నేల చూసినా ముందు ధరే గుర్తొస్తుంది. మావారు ఎప్పటిలాగే నవ్వి ఊరుకున్నారు. నేను జవాబు చెప్పబోయేసరికి బావగారు వీడియో కాల్‌లో అక్కయ్యకు కొండలు చూపిస్తూ "అంతా ఖాళీయే, పట్టించుకునేవాడు లేడు" అంటున్నారు. పక్కనే మేస్తున్న ఆవుల మెడగంటల మోత ఆయనకు ఎలా వినబడలేదో నాకు అర్థం కాలేదు.

ఆ నేలను పట్టించుకునేవాళ్లు ఉన్నారని చెప్పడానికి అయిదు శతాబ్దాలకు పైబడిన రాతపత్రాలు ఉన్నాయి. మోసాల్ప్ నుంచి దిగుతూ ఉంటే సుమారు 1500 మీటర్ల ఎత్తున, నిట్రమైన వాలుకు అతుక్కుని కనబడే టోర్బెల్ అనే ఊరిదే ఆ మేత. వాలిస్ కాంటన్‌లో (కాంటన్ అంటే ఇక్కడి రాష్ట్రం), మేముండే విస్ప్ నుంచి జెర్మాట్ అనే పర్యాటక పట్టణానికి పోయే లోయ అంచున ఉన్న ఆ ఊళ్లో ఇప్పుడు ఉన్నది దాదాపు అయిదు వందల మంది. ఎండకు నల్లబడిన లార్చ్ చెక్క ఇళ్లు, ఎలుకలు ఎక్కకుండా రాతి పలకల మీద నిలబెట్టిన గాదెలు, ఇరుకు సందులు, ఎదురుగా మిషాబెల్ శిఖరాలు: బావగారు వీటన్నిటికీ ఫొటోలు తీశారు, దేని గురించీ ఒక్క మాట అడగలేదు.

నిజానికి ఆ ఊరితో నాకు చనువు కుదిరింది నీళ్ల వల్ల. స్విట్జర్లాండు అనగానే మనవాళ్లకు మంచూ వానా గుర్తొస్తాయి కానీ, టోర్బెల్ కింద ఉన్న స్టాల్డెన్ పరిసరాలు ఈ దేశంలోనే అతి తక్కువ వాన పడే చోట్లలో ఒకటి. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ, అంటే దాదాపు మా అనంతపురం జిల్లాలో పడేంత. మేము ఈ లోయకు వచ్చిన మొదటి వేసవిలో, ఆ సంగతి తెలియకుండానే, టోర్బెల్ పైన కొండ కాలువ వెంబడి నడిచాను. పైనున్న మంచూ హిమానీనదాలూ కరిగిన నీటిని కొండ నడుము చుట్టూ తిప్పి, చాలా తక్కువ వాటంతో, మైళ్ల కొద్దీ పొలాలకు చేర్చే కాలువలవి. ఒకచోట ఒక పెద్దాయన ఇనుప పలకను కాలువకు అడ్డంగా దిగ్గొట్టి, నీళ్లు గట్టు పొర్లి తన గడ్డి మడిలోకి పారుతూ ఉంటే పక్కన కూర్చుని చేతి గడియారం చూసుకుంటున్నాడు. వంతు ముగియగానే పలక పీకి భుజాన వేసుకుని, నాకు తల ఊపి వెళ్లిపోయాడు. మా తాతగారు చేలో మడవ మార్చేటప్పుడు నిలబడే తీరు అచ్చంగా అదే. ఈ ప్రాంతంలో పూర్వం ఏ కుటుంబానికి ఎంత నీటి హక్కు, ఎన్ని ఆవుల మేత హక్కు ఉందో ఇంటి గుర్తులు చెక్కిన కర్రముక్కల మీద లెక్క రాసుకునేవారట. 2023లో యునెస్కో ఈ సంప్రదాయ పారుదలను మరికొన్ని యూరప్ దేశాల పద్ధతులతో కలిపి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ వార్త చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ పెద్దాయన చేతి గడియారమే.

బావగారికి నేను చెప్పాలనుకున్నది ఇది. 1483 ఫిబ్రవరి 1న టోర్బెల్ రైతులు కొండ మీది మేతను, అడవిని, బీళ్లను క్రమపద్ధతిలో వాడుకోవడానికి ఒక సంఘంగా ఏర్పడి పత్రం రాసుకున్నారు. 1517 నాటి నియమం ప్రకారం, చలికాలమంతా తన గడ్డితో ఎన్ని ఆవులను సాకగలడో అన్నింటినే ఎవరైనా వేసవిలో కొండకు తోలాలి. వసంతంలో పది ఆవులు కొని, ఊరందరి గడ్డితో మేపి, చలి రాగానే అమ్ముకునే బేరగాడికి ఆ ఒక్క వాక్యంతో దారి మూసుకుపోయింది. మితిమీరినవాడికి జరిమానా వేసే అధికారికి అందులో సగం దక్కేది. ఇక ఆయన కళ్లు మూసుకుని ఉంటాడా? ఆవులు కొండ ఎక్కగానే లెక్కపెట్టేవారు, ఎందుకంటే వేసవి చివర ఎవరికి ఎంత జున్ను (చీజ్) రావాలో ఆ లెక్కే తేలుస్తుంది. దారుల మరమ్మతుకూ, హిమపాతానికి కూలిన కొట్టాలను తిరిగి కట్టడానికీ ఎవరి ఆవుల సంఖ్యను బట్టి వారు పని చేయాలి. అడవిలో కొట్టవలసిన చెట్లకు గుర్తులు పెట్టి, చీట్లు వేసి పంచేవారు. రాబర్ట్ నెటింగ్ అనే అమెరికా మానవశాస్త్రవేత్త 1970లలో ఈ ఊరి పాత పత్రాలన్నీ పరిశీలించబట్టి, 2009లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ ఉమ్మడి ఆస్తి తప్పనిసరిగా పాడైపోదని చెప్పడానికి దీన్నే ఉదాహరణగా తీసుకోగలిగింది.

ఇంతవరకు రాసి చదువుకుంటే నా కోపానికి మంచి ఆధారమే దొరికిందని అనిపించింది. అయితే అదే 1483 పత్రంలో ఇంకో షరతు ఉంది, దాన్ని దాటవేసి ఈ కథ చెప్పడం నాకు సాధ్యం కావడం లేదు. బయటివాడు టోర్బెల్‌లో నేల కొన్నా, ఆ కొనుగోలు వల్ల అతనికి కొండ మేత మీదగానీ, అడవిలో కలప మీదగానీ ఎలాంటి హక్కూ రాదు. అతన్ని ఊరి సభ్యుడిగా చేర్చుకోవాలో లేదో ఉన్నవాళ్లే నిర్ణయిస్తారు. విస్ప్‌లో అద్దె ఇంట్లో కూర్చుని, నివాసపు కార్డు గడువు తేదీ చూసుకుంటూ ఇది రాస్తున్న నాకు ఆ వాక్యం సూటిగానే తగులుతుంది. విదేశాల్లో ఉండేవాళ్లు ఇక్కడ స్థిరాస్తి కొనడాన్ని పరిమితం చేసే సమాఖ్య చట్టం కూడా, కాకతాళీయమే కావచ్చు, సరిగ్గా అయిదు వందల ఏళ్ల తర్వాత 1983లోనే వచ్చింది.

పైగా ఆ కట్టడి బయటివాళ్ల మీదే ఆగలేదు. ఆస్తి పిల్లలందరికీ సమానంగా పంచే ఆచారం ఉన్న ఆ ఊళ్లో, కొండ పెరగదు కాబట్టి మనుషులు తగ్గవలసి వచ్చింది: ఆలస్యంగా పెళ్లిళ్లు, అసలు పెళ్లే కాని అన్నదమ్ములూ అప్పచెల్లెళ్లూ, పొట్ట చేతబట్టుకుని వలస పోయినవాళ్లు. ఒక్క ఇంట్లో అంతస్తుకు ఒక కుటుంబం, ఒక్క గాదెలో ముగ్గురికి వాటాలు. నోబెల్ ప్రసంగాల్లో వినడానికి ఎంత బాగున్నా, ఆ జున్ను పంపకంలో పెళ్లి కాని మేనత్తకు ఎంత దక్కిందో ఏ పత్రం చూస్తే తెలుస్తుంది?

అలాగని ఆ షరతు తీసేసి ఉంటే బాగుండేదని అనలేకపోతున్నాను. అది లేకపోతే ఈ పచ్చిక మీద ఎప్పుడో ఎవరో బావగారు లేఅవుటు వేసి ఉండేవారు. బంగాళాదుంప వచ్చాక జనాభా పెరిగింది, ఆ తర్వాత విస్ప్‌లో లోంజా రసాయన కర్మాగారం రావడంతో టోర్బెల్ మగవాళ్లు పగలు ఫ్యాక్టరీలోనూ సాయంత్రం గడ్డి కోతలోనూ రెండు బతుకులు బతికారు. ఇప్పుడు ఆ ఫ్యాక్టరీ గేటు దగ్గర తెలుగు కూడా వినబడుతుంది. ఇంత మారినా కొండ మాత్రం అమ్మకానికి రాలేదు. మూసిన తలుపు అవతల నిలబడి ఆ తలుపును మెచ్చుకోవడం నాకు ఇబ్బందిగానే ఉంది, అయినా మెచ్చుకుంటున్నాను.

బావగారి ప్రశ్నకు జవాబు లేకపోలేదు. ఇళ్లు, తోటలు, గడ్డి మడులు ఆ ఊళ్లో ముందునుంచీ సొంత ఆస్తులే, వాటిని ముక్కలుగా కూడా కొన్నారు, అమ్మారు. ఆయన సరిగ్గా ధర లేని చోటే నిలబడి ధర అడిగారు. రేపు జెర్మాట్ చూడాలంటున్నారు. అక్కడైతే చెప్పేవాళ్లకు కొదవ ఉండదు.