శంకర్ గీతలు, మా డ్రాయింగు మేష్టారు

కేరళలోని కాయంకుళంలో 1902లో పుట్టిన కార్టూనిస్టు కె. శంకర్ పిళ్ళై బడిలో చదువుకునే రోజుల్లో, తరగతిలో కునుకు తీస్తున్న తమ ఉపాధ్యాయుడి బొమ్మ గీశారట. అది చూసి ప్రధానోపాధ్యాయుడు మండిపడ్డారు. ఇంటి పెద్ద ఒకరు మాత్రం ఆ చేతిలో ఉన్న విద్యను గుర్తించి వెన్ను తట్టారు. ఈ సంగతి మాకు చెప్పినవారు కూడా ఒక ఉపాధ్యాయుడే కావడం నాకు ఇప్పటికీ అపురూపంగా తోస్తుంది.

1970ల తొలి సంవత్సరాల్లో విజయనగరంలోని మన బడిలో చదివినవారికి మా డ్రాయింగు మేష్టారిని కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. లెక్కల పాఠం వెనకబడితే ముందుగా కోత పడేది ఆయన పీరియడుకే. మిగిలిన ఆ కొద్దిపాటి సమయంలోనే ఆయన మాకు పూలకుండీ గీయడంతో పాటు పత్రిక చూడడం కూడా నేర్పారు. గంటస్తంభం దగ్గర పాత పుస్తకాల దుకాణంలో తూకానికి కొన్న, శంకర్ నడిపిన కార్టూన్ల వారపత్రిక ‘శంకర్స్ వీక్లీ’ సంచికలను సంచీలోంచి తీసి, బొమ్మ కింది మాటలను అరచేత్తో మూసి, “ముందు బొమ్మ చదవండర్రా, మాటలు తరవాత” అనేవారు. ఎవరు పెద్దగా ఉన్నారు, ఎవరు చిన్నగా ఉన్నారు, ఎవరి చూపు ఎటు ఉంది అని ఒక్కొక్కరినీ అడిగేవారు. దినపత్రికలో వార్త వెనుక ఉన్న మనుషులను వెతకడం నాకు అలవడింది ఆ గదిలోనే.

శంకర్ తిరువనంతపురంలో సైన్సు పట్టా పుచ్చుకున్నది మహారాజా కాలేజీలో అని విన్నప్పుడు, మన ఊళ్ళోనూ ఆ పేరుగల కాలేజీ ఉన్నందున, ఆయన మనవాడే అన్నంత చనువు కలిగింది మాకు. అక్కడినుంచి ఆయన న్యాయశాస్త్రం చదవడానికి బొంబాయి వెళ్ళి, ఆ చదువు వదిలి, ఓడల కంపెనీ అధిపతి ఒకరి దగ్గర కొలువు చేస్తూ, ‘ఫ్రీ ప్రెస్ జర్నల్’, ‘బాంబే క్రానికల్’ పత్రికలకు బొమ్మలు పంపేవారు. 1932లో ‘హిందుస్థాన్ టైమ్స్’ సంపాదకుడు పోతన్ జోసెఫ్ ఆయనను ఢిల్లీకి పిలిపించి పత్రిక కార్టూనిస్టుగా నియమించారు. 1946 దాకా ఆయన అక్కడే ఉన్నారు. ఆ మధ్యలో లండనులో ఏడాదికి పైగా చిత్రకళాభ్యాసం చేసి వచ్చారు.

ఆనాటి అచ్చు పద్ధతి తెలియకపోతే ఆ గీతల విలువ సగమే తెలుస్తుందని మేష్టారు నమ్మేవారు. అందుకే ఒకసారి మమ్మల్ని తనకు తెలిసిన అచ్చాఫీసుకు తీసుకెళ్ళి, చెక్క దిమ్మకు మేకులతో బిగించిన జింకు బ్లాకును మా చేతుల్లో పెట్టారు. బొమ్మను ఫోటో తీసి, ఆ రూపాన్ని జింకు రేకు మీదికి ఎక్కించి, ఆమ్లంలో ముంచితే గీత లేని చోటల్లా రేకు హరించుకుపోయి, గీత ఒక్కటే ఉబ్బెత్తుగా నిలుస్తుంది. ఆ ఉబ్బుకే సిరా అంటి, కాగితం మీద పడుతుంది. వేలితో తడిమితే నెహ్రూ గారి టోపీ అంచు గరుగ్గా తగిలింది. ఇటువంటి లైను బ్లాకులో పెన్సిలు నీడలకూ, పలచటి రంగు పూతలకూ చోటు లేదు. నలుపైనా కావాలి, తెలుపైనా కావాలి. నీడ కావాలంటే సన్న గీతలు పక్కపక్కన నింపుకోవాలి. శంకర్ బొమ్మల్లో గుంపు ఎంత దట్టంగా ఉన్నా ఒక్క ముఖమూ అలుక్కుపోకపోవడం వెనుక ఉన్న శ్రమ ఆ రోజు నాకు అర్థమైంది.

1948లో ‘శంకర్స్ వీక్లీ’ని ప్రారంభించినవారు ప్రధాని నెహ్రూయే. నన్నూ విడిచిపెట్టవద్దు శంకర్ అని ఆయన కోరిన మాట అందరికీ తెలిసినదే. 1983లో వచ్చిన నెహ్రూ కార్టూన్ల సంపుటానికి ఆ మాటే పేరయింది. శంకర్ ఆ మాట నిలబెట్టారు. 1964 మే 17 నాటి బొమ్మలో నెహ్రూ చిక్కి శల్యమై, చేత కాగడాతో చివరి చుట్టు పరుగెత్తుతూ ఉంటారు. వెనుక కాంగ్రెసు నాయకులు నందా, శాస్త్రి, మొరార్జీ, కృష్ణమీనన్, ఇందిర వస్తూ ఉంటారు. పది రోజులకే, మే 27న, నెహ్రూ కన్నుమూశారు. ఆ బొమ్మలో ఎగతాళి అణువంత కూడా లేదు. అభిమానించే మనిషి అలసటను దాచకుండా చూపడం ఎంత కష్టమో ఆలోచిస్తే, శంకర్ వేసినవాటిలో దీనినే నేను మొదట నిలబెడతాను.

ఆయన గీతలన్నీ ఒకే తూకంలో ఉన్నాయని మాత్రం అనను. జిన్నా మీద వేసిన బొమ్మల విషయంలో, పరిహాసం కరిచేటట్టు ఉండకూడదని గాంధీజీ స్వయంగా ఆయనకు రాశారు. రాజ్యాంగమనే నత్త మీద అంబేడ్కర్ కూర్చుని ఉండగా వెనుక నెహ్రూ కొరడా ఎత్తిన 1949 నాటి బొమ్మ, పదకొండో తరగతి పాఠ్యపుస్తకంలో ఉన్న కారణంగా 2012లో పార్లమెంటులోనే దుమారం రేపింది. రాజ్యాంగ రచన నత్తనడక నడుస్తోందన్నదే చిత్రకారుడి ఉద్దేశం కావచ్చు. కానీ తరతరాలుగా దెబ్బలు తిన్నవారి కళ్ళకు ఆ కొరడా మరోలా కనబడుతుంది. శంకర్‌ను ఎంత అభిమానించినా, వారి బాధ న్యాయమైనదనే నేను భావిస్తాను.

పిల్లల కోసం ఆయన 1949లో మొదలుపెట్టిన చిత్రలేఖన పోటీ వల్ల మన బడికీ ఆయనతో చుట్టరికం కలిసింది. మేష్టారు ఏటా కొన్ని బొమ్మలు ఎంచి, వెనుక పేరూ వయసూ రాయించి, ఢిల్లీకి రిజిస్టరు పోస్టులో పంపేవారు. “కేలండరు చూసి వేసినది నాకొద్దు నాయనా, నువ్వు కళ్ళారా చూసినది వెయ్యి” అన్నారు నాతో. నేను మన ఊరి పైడితల్లమ్మ జాతరలో ఊరేగే సిరిమాను వేశాను. మాను చివర కూర్చున్న పూజారి, మానుకంటే, కోట బురుజుకంటే కూడా పెద్దగా వచ్చాడు. సరిచేయబోతే ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపి, “జాతరలో నీకు అలాగే కనబడ్డాడు, ఉండనీ” అన్నారు. బహుమతి రాలేదు. అయినా పిల్లవాడి చూపును పెద్దలు దిద్దకూడదన్న శంకర్ పట్టుదల ఎటువంటిదో ఆ ఒక్క మాటతో బోధపడింది. 1957లో చిల్డ్రన్స్ బుక్ ట్రస్టు, 1965లో ఆటబొమ్మల (డాల్స్) మ్యూజియం స్థాపించడం ఆ పట్టుదలకు కొనసాగింపే.

కుట్టి, అబూ అబ్రహాం, ఒ.వి. విజయన్, రంగా వంటి కార్టూనిస్టులకు పురిటిల్లయిన ‘శంకర్స్ వీక్లీ’ 1975 ఆగస్టు 31న ఆగిపోయింది. దేశంలో అత్యవసర పరిస్థితి అమలులో ఉంది. నియంతృత్వాలు నవ్వును భరించలేవనీ, జనం నియంతను చూసి నవ్వుతారేమోనన్నదే వాటి భయమనీ, హిట్లర్ ఏలినన్నాళ్ళూ ఒక మంచి కార్టూనైనా రాలేదనీ ఆ చివరి సంచిక సంపాదకీయం చెప్పింది. మేష్టారు దానిని తరగతిలో మెల్లగా తెలుగు చేసి వినిపించారు. అప్పుడు తలుపు దగ్గరకు వేసి ఉండడం నాకు గుర్తు. మరుసటి ఏడు శంకర్‌కు పద్మవిభూషణ్ వచ్చింది. 1989 డిసెంబరు 26న ఆయన మరణించారు.

మన పూర్వ విద్యార్థుల సంఘం ఏటా ఆటల పోటీలకు కేటాయించే సొమ్ములో కొంత తీసి, శంకర్ పుట్టినరోజైన జూలై 31న బడి పిల్లలకు మేష్టారి పేరిట బొమ్మల పోటీ పెట్టాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను. కాగితాలు, రంగులు, ఇండియన్ ఇంకు ఖర్చు మా బ్యాచ్ వాళ్ళం భరిస్తాం. పిల్లలు వేసినవి దిద్దకుండా, వేసినవి వేసినట్టే మన సంఘం పత్రిక వచ్చే సంచికలో అచ్చు వేయాలి.