“లేదు” అన్నవాళ్ల ఫారాలు

ఈ రోజంతా ఇంటింటి సర్వే ఫారాలతోనే గడిచింది. ఒళ్లు బిగుసుకుపోయి, కదలికలు నెమ్మదించే మెదడు జబ్బు పార్కిన్సన్స్. లక్షమందిలో అది ఎందరికి ఉందో అంచనా వేయడం మా పని. ప్రశ్నావళిలో “ఉంది” అన్నవాళ్లందరినీ, “లేదు” అన్నవాళ్లలో చీటీ తీసి పదింట ఒకరినీ న్యూరాలజిస్ట్ పరీక్షిస్తారు. ఏ బాధా లేదన్నవాళ్ల దగ్గరికి డాక్టరును పంపడం దండగ కదా అని కొత్తగా చేరిన అమ్మాయి పొద్దున అడిగింది. నేను ఒక ఫారం తీసి ఆమె ముందు పెట్టాను.

డెబ్బై దాటిన ఒక పెద్దాయనది అది. వణుకు లేదు, నడకలో ఇబ్బంది లేదు, అన్నింటికీ “లేదు” అనే ఉంది. కింద సంతకం మాత్రం మామూలు అక్షరాలతో మొదలై, చివరికి వచ్చేసరికి ఆవగింజంత అయిపోయింది. ఆ ఇంటికి డాక్టరుతో పాటు నేనూ వెళ్లాను. ఆయన ఎదురు వస్తుంటే ఎడమ చేయి ఊగుతోంది, కుడి చేయి ఒంటికి అతికించినట్టు ఉండిపోయింది. చొక్కా బొత్తాలు పెట్టుకోవడానికి ఎంతసేపు పడుతోందని అడిగితే, “వయసు పైబడిందంతే బాబూ, దానికి డాక్టరు దేనికి?” అన్నారు. పరీక్షలో తేలింది పార్కిన్సన్సే. వణుకు లేకుండా కూడా ఈ జబ్బు రావచ్చు. ఆసుపత్రి రికార్డులనే నమ్ముకుంటే ఆయన ఏ లెక్కలోకీ వచ్చేవారు కాదు.

పదింట ఒకరినే చూస్తున్నాం కాబట్టి, “లేదు” అన్నవాళ్ల కట్టలో దొరికిన ఒక్కరు అంచనాలో పదిమందికి సమానం. నన్ను ఎక్కువగా భయపెట్టేదీ అదే, ఎందుకంటే అక్కడ ఒక్క నిర్ధారణ తప్పినా ఆ తప్పు పదింతలవుతుంది. మానసిక వ్యాధులకు వాడే కొన్ని మందుల వల్ల కూడా అచ్చం ఇలాంటి బిగుతూ నెమ్మదితనమూ వస్తాయి. అందుకే వాడుతున్న మందుల చీటీ చూడనిదే మా డాక్టరు ఏ జబ్బు పేరూ రాయరు.

ప్రపంచవ్యాప్త అంచనాల ప్రకారం 1990లో సుమారు 25 లక్షలుగా ఉన్న రోగుల సంఖ్య 2016 నాటికి 61 లక్షలకు చేరింది. వృద్ధులు పెరగడం అందుకు పెద్ద కారణమే గానీ, అదొక్కటే కాదు. ఆ అంకెలు చూసినప్పుడల్లా, వాటిలోకి ఎక్కనివాళ్లు ఎందరో అనిపిస్తుంది.

సాయంత్రం ఆ అమ్మాయి అడగకుండానే “లేదు” కట్ట ముందేసుకుని, సంతకాలను ఒక్కొక్కటే దీపం కిందికి జరిపి చూస్తూ కూర్చుంది.