కొబ్బరి బుర్ర పూర్తయింది, తాడు సగంలో ఉంది

పసిఫిక్ మహాసముద్రంలోని సమోవా, టోకెలావ్ దీవుల పద్ధతిలో కొబ్బరి టెంకతో నీళ్ళ బుర్ర చేస్తున్నాను. బుర్ర సిద్ధం. దాన్ని మోసే పీచు జడ మాత్రం ఇంకా చేతిలోనే ఉంది.

బాగా ముదిరిన గుండ్రటి కాయ తీసుకోండి. కత్తితో కొడితే టెంక బీటవారుతుంది కనుక గునపం మొన మీద ఒలిచాను. అక్కడివారు నేలలో పాతిన మొనదేలిన కర్ర వాడతారు. మూడు కళ్ళలో మెత్తగా ఉన్నదానికి చిల్లు పెట్టి, నీళ్ళు వంపేసి, ఉప్పునీళ్ళు నింపి దొడ్డి చివర వదిలేయాలి. కొబ్బరి కుళ్ళి విడిపోతుంది. ఆ వాసనతో పాటు ఇంట్లోవాళ్ళ మాటలూ భరించాలి. తరువాత గులకరాళ్ళు, ఇసుక వేసి గిలకరిస్తే తునకలు వచ్చేస్తాయి. పైభాగాన్ని గాజు పెంకుతో గీకి కొబ్బరినూనె రుద్దాను. అర లీటరుకు కాస్త తక్కువ పడుతుంది. చిల్లు చిన్నది, నీళ్ళలో ముంచి పట్టుకుంటేనే నిండుతుంది. మూతకు ఆకు చుట్ట చాలు.

టోకెలావ్, టువాలు పగడపు దీవులు. బంకమన్ను లేదు, కుండలు లేవు. ఇనుమూ లేదు కనుక పూర్వం పడవ పలకలను కూడా ఈ పీచు జడతోనే బిగించేవారు. అది చదివాకే తాడు మీద గౌరవం పెరిగింది.

సమోవాలో ఈ జడను అఫా అంటారు. దానికోసమే నియు అఫా అనే పొడవు కాయల రకం ఉంది. కాయ పొడవైతే పీచూ పొడవే. నాకు దొరికిన కోనసీమ కాయల పీచు పొట్టిది, అతుకులు ఎక్కువ పడుతున్నాయి. యంత్రం మీద తీసిన బజారు పీచు జోలికి అసలు వెళ్ళకండి.

కొబ్బరి డొక్కలను రాళ్ళ బరువు కింద వారాల తరబడి నానబెట్టి, చెక్క సుత్తితో పొట్టు రాలేదాకా దంచి, కడిగి, ఎండబెట్టాలి. పీచును వత్తులు చేసినట్టు తొడ మీద పేని, మూడు పాయల జడ అల్లాలి. పాయలన్నీ ఒకేచోట ముగియకూడదు, తాడు అక్కడే తెగుతుంది. సమోవా పెద్దలు సభలో మాట్లాడుకుంటూనే అల్లేస్తారు. నాకు ఇంకా చూపు జడ మీదే ఉండాలి.

మరికొన్ని బారలు అల్లితే బుర్రకున్న కళ్ళకు దిగువన ఒక కట్టు, నడుము కింద ఇంకొకటి వేసి, నిలువు తాళ్ళతో కలిపి, పైన పిడి కడతాను.