మావయ్య రిపోర్టుల కవరు

మాది పర్లాకిమిడి, ఒడిశాలో ఆంధ్రా సరిహద్దు మీద ఉన్న ఊరు. బస్టాండు వైపు చిన్న జిరాక్స్ షాపు నాది, ఆన్‌లైన్ పనులు కూడా చేస్తాను, అంటే ఊళ్ళో ఎవరికి ఏ జబ్బుందో డాక్టర్ల తర్వాత నాకే తెలుసు. నవ్వకండి, మీరూ వాట్సాప్‌లో వచ్చిన ల్యాబ్ రిపోర్టు జిరాక్స్ షాపు నంబరుకి పంపి ప్రింట్ తీయించుకునే ఉంటారు. నా కంప్యూటర్లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిస్తే సగం ఊరి షుగర్లు, థైరాయిడ్లు. రోజూ షట్టర్ దించే ముందు అన్నీ డిలీట్ చేస్తాను. చెయ్యనివాళ్ళు కూడా ఉంటారు, అది ఇంకో రోజు రాస్తా.

ఇప్పుడు మావయ్య సంగతి. ఆయన పుట్టింది కవిటి పక్కన, ఉద్దానంలో, పెళ్ళయ్యాక ఇటొచ్చి ఉండిపోయారు. ఉద్దానం అంటే చెప్పక్కర్లేదు కదా, కొబ్బరితోటలు, జీడితోటలు, దాంతోపాటు కిడ్నీ జబ్బు. ఆ భయం ఆయనకి ఎప్పుడూ ఉండేది, అందుకే కాలు కొంచెం వాచినా క్రియాటినిన్ టెస్ట్ చేయించుకునేవారు, అంటే కిడ్నీ ఎలా పనిచేస్తుందో చెప్పే రక్తపరీక్ష, అంకె పెరిగితే కిడ్నీ తగ్గినట్టు. ఎక్కడ చేయించుకునేవారు అంటే, ఎక్కడుంటే అక్కడే. మా ఊళ్ళో ఒకసారి, పాతపట్నంలో ఒకసారి, కూతురింటికి వెళ్తే శ్రీకాకుళంలో, పెళ్ళికెళ్తే బరంపురంలో. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే ప్రావిన్స్ అయినప్పుడు మా ఊరు ఇటు, పాతపట్నం అటు పడ్డాయి. చుట్టరికాలు ఆ గీత ఏనాడూ చూడలేదు, ఆస్పత్రి కంప్యూటర్లు మాత్రం భలే చూస్తాయండీ.

కిందటేడు ఆయన కవరు తెచ్చి నా కౌంటర్ మీద బోర్లించారు. "ఒరే అల్లుడా, డాక్టరు పాత కాగితాలు అన్నీ తెమ్మన్నాడు, ఇందులో ఏవి పాతవో ఏవి కొత్తవో నాకు తెలీటం లేదురా" అన్నారు. చూస్తే అందులో ఒకే మనిషికి నాలుగు పేర్లు. ఆయన పేరు వెంకటతో మొదలవుతుంది. ఒడియాలో వెంకటని భెంకట అని రాస్తారు, అది మళ్ళీ ఇంగ్లీషులోకి ఎక్కేసరికి భ తోనే ఎక్కుతుంది. మనకేమో ఇంటిపేరు ముందు, ఫారంలో ఏమో అసలు పేరు ముందు, కాబట్టి ఒకచోట ఇంటిపేరే ఆయన పేరైపోయింది. ఇంకోచోట ఉత్త ఇనీషియల్. వయసు కూడా ఒక్కో కాగితంలో ఒక్కో రకం, ఎందుకంటే కౌంటర్లో "ఎన్నేళ్ళు" అని అడిగితే ఆయన ఆ రోజు ఓపికని బట్టి చెప్తారు.

మా పిన్ని కొడుకు వైజాగ్‌లో ఆస్పత్రుల సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తాడు, వాడికి ఫోన్ చేసి తిట్టాను, ఏట్రా మీ కంప్యూటర్లు అని. వాడు ఓపిగ్గా చెప్పాడు, టెస్టులకి గొడవ లేదంట, క్రియాటినిన్‌కి లోయింక్ అనే పద్ధతిలో 2160-0 అని నంబరు ఉంది, ఏ ఊరి ల్యాబైనా ఆ నంబరు వాడితే ఏ కంప్యూటరైనా అర్థం చేసుకుంటుంది. చిక్కంతా మనిషితోనే. లైన్లో జనం నిలబడి ఉంటే కౌంటర్లో కుర్రాడికి పేషెంటు పేరు మీద కొత్త నంబరు కొట్టడం అరనిమిషం పని, పాతది వెతకడం ఐదు నిమిషాలు, వెతికినా దొరుకుతుందో లేదో. పోనీ పేర్లు కలిసినట్టున్నాయని రెండు రికార్డులు కలిపేస్తే, అవి ఇద్దరు వేరే మనుషులవైతే? ఒకరి బ్లడ్ గ్రూపు ఇంకొకరి ఫైల్లోకి వెళ్తుంది. ఒక మనిషికి రెండు ఫైళ్ళుంటే డబ్బు దండగ, ఇద్దరికి ఒకటే ఫైలుంటే ప్రాణం మీదకొస్తుంది అన్నాడు. అది విన్నాక ఆ కుర్రాడి మీద కోపం సగం పోయింది.

మరి ఆభా ఉంది కదా, గవర్నమెంటు ఇచ్చే హెల్త్ నంబరు, అంటారు. ఉంది, 14 అంకెల నంబరు, 2021 సెప్టెంబరులో దేశమంతా మొదలెట్టారు, నేనే ఎంతమందికి తీసి లామినేషన్ చేసిచ్చానో. తీసుకున్నాక ప్రతి ఒక్కరూ అడిగేది ఒకటే, "బావూ, ఇది చూపిస్తే ఐదు లచ్చల వైద్యం ఫ్రీయేనేటి?" కాదమ్మా, అది ఆయుష్మాన్ కార్డు, ఇది వేరే, ఇది ఉత్త నంబరు, నీ కాగితాలన్నీ ఒక తాడుకి కట్టుకోడానికి. రికార్డులేవీ ఢిల్లీలో ఒకచోట పోసి పెట్టరు, ఏ ఆస్పత్రివి ఆ ఆస్పత్రిలోనే ఉంటాయి, నువ్వు ఫోన్లో సరే అంటేనే ఇంకో డాక్టరు చూడగలడు. ఈ ఆలోచన నాకు నచ్చింది. కానీ ఆ ఆస్పత్రి, ఆ ల్యాబు దాంట్లో చేరి నీ నంబరుకి లింక్ చేస్తేనే ఏదైనా కనిపించేది, కవర్లో ఉన్న పాత కాగితాలు వాటంతటవి అందులోకి ఎగిరి వెళ్ళవు.

సరే, ఆదివారం కూర్చుని మావయ్య కాగితాలు తారీకుల వారీగా పేర్చాను. రెండు స్లిప్పులు అక్షరాలు మాసిపోయి తెల్లకాగితాలైపోయాయి. మిగతావి ఎక్సెల్లో కొట్టాను, తారీకు, క్రియాటినిన్, అంతే. 1.2, 1.3, 1.3, 1.4, తర్వాత ఒక్కసారిగా 1.9, 2.1. విడివిడిగా చూస్తే 1.3 దగ్గర ఎవరూ ఆగలేదు, ఆగరు కూడా, నార్మల్ అంచులో ఉంది కదా. పైగా కిడ్నీ జబ్బు పాతుకుపోయిందని చెప్పాలంటే తేడా కనీసం 3 నెలలు నిలవాలి, అంటే ఒక్క కాగితం చూసి చెప్పలేరు, వెనకటిది పక్కన ఉండాలి. మావయ్యకి వెనకటిది ఎప్పుడూ వేరే ఊళ్ళో, వేరే పేరు మీద ఉంది.

ఆ పేజీ ప్రింట్ తీసి డాక్టరు దగ్గరికి నేనే వెంట వెళ్ళాను. ఒడియా ఆయన, మాట తక్కువ. కవరు ముట్టుకోలేదు, పేజీ మాత్రం చాలాసేపు చూశాడు. 1.4కి 1.9కి మధ్య పెన్నుతో గీత గీసి, ఈ మధ్యలో ఏం మందులు వాడారు అని అడిగాడు. మావయ్య ఏమీ లేదన్నారు. అత్తయ్య అందుకుని, "మోకాళ్ళ నొప్పులకి షాపులో బిళ్ళలు తెచ్చుకుని రోజూ మింగేవారు కదా" అని చెప్పేసింది. నొప్పి బిళ్ళలు కిడ్నీకి ఎంత చేటో అప్పటికి మాకెవరికీ తెలీదు. ఆ బిళ్ళల చీటీ ఏ ఆస్పత్రి కంప్యూటర్లోనూ లేదు, ఎలా ఉంటుంది, మందుల షాపులో చిల్లర ఇచ్చి కొన్నవి కదా. బిళ్ళలు మానిపించారు, మూడు నెలల తర్వాత 1.7. మళ్ళీ 1.2కి రాదు అని డాక్టరు ముందే చెప్పాడు.

ఇప్పుడు ఎక్సెల్లో ఇంకో గడి పెట్టాను, మందులు అని. మావయ్య ఊరుకోకుండా వీధంతా చెప్పుకున్నారు, ఆదివారం వస్తే షాపు ముందు నలుగురైదుగురు కవర్లు పట్టుకుని నిలబడుతున్నారు. ప్రింట్‌కి ఐదు రూపాయలు తీసుకుంటున్నాను, టైపింగ్‌కి ఎంత తీసుకోవాలో ఇంకా తేల్చుకోలేదు.