38 మంది యూజర్లను కోడ్‌లోకి ఎక్కించిన కథ

మేము మందుల స్టాకిస్టులకు సాఫ్ట్‌వేర్ చేస్తాం. విజయవాడ, గుంటూరు, వరంగల్ లాంటి ఊళ్లలోని స్టాకిస్టులు తమ దగ్గరున్న సరుకు లెక్కను రోజూ ఉదయం పదకొండు లోపు ఒక సీఎస్‌వీ ఫైల్‌గా మాకు పంపాలి. ఆ ఫైళ్లు అందుకునేది ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) వాళ్ల ట్రాన్స్‌ఫర్ ఫ్యామిలీ. 2018లో ఎస్‌ఎఫ్‌టీపీ అనే ఫైళ్లు పంపే పద్ధతి ఒక్కదానికే మొదలైన సర్వీసు ఇది, 2020లో ఎఫ్‌టీపీఎస్, ఎఫ్‌టీపీ అనే పద్ధతులు కూడా చేరాక ఈ పేరు వచ్చింది. మనం చూసుకోవాల్సిన మెషిన్ ఏదీ ఉండదు. స్టాకిస్టు విన్‌ఎస్‌సీపీ అనే ఫైళ్లు పంపే ప్రోగ్రామ్‌లో ఫైల్ లాగి వదిలితే నేరుగా మా ఎస్‌3 బకెట్‌లో, అంటే అమెజాన్‌లోని మా ఫైళ్ల నిల్వలో పడుతుంది.

నేను ఈ టీమ్‌లోకి వచ్చేసరికి ఆ సర్వర్ మీద 40 మంది యూజర్లు ఉన్నారు. అందరినీ ఎవరో ఒకరు కన్సోల్‌లో, అంటే ఏడబ్ల్యూఎస్ వెబ్ పేజీలో, చేత్తో చేసినవాళ్లే. ఎవరికి ఏ ఫోల్డర్ ఇచ్చారు, ఎందుకిచ్చారు అన్నది ఒక పాత ఎక్సెల్ షీట్‌లో సగం, మానేసి వెళ్లిపోయినవాళ్ల బుర్రల్లో సగం. "వీటన్నిటినీ టెరాఫార్మ్‌లోకి తెచ్చెయ్, వారం చాలుగా?" అన్నారు మా మేనేజర్. టెరాఫార్మ్ అంటే క్లౌడ్‌లో ఏమేం ఉండాలో కోడ్‌గా రాస్తే దాని ప్రకారం చేసిపెట్టే టూల్. చాలు సార్ అన్నాను. నెలన్నర పట్టింది.

మొదటి పని, ఉన్నవాళ్లను ఇంపోర్ట్ చేయడం, అంటే టెరాఫార్మ్ లెక్కలోకి తేవడం. యూజర్‌ని ఇంపోర్ట్ చేయడం తేలికే, సర్వర్ ఐడీ, స్లాష్, యూజర్ పేరు ఇస్తే చాలు. అయితే టెరాఫార్మ్‌లో ఎస్‌ఎస్‌హెచ్ కీ (పాస్‌వర్డ్ బదులు లాగిన్‌కి వాడే తాళంచెవి లాంటిది) యూజర్‌లో భాగం కాదు, దానికి వేరే రిసోర్స్, అంటే కోడ్‌లో వేరే ఎంట్రీ ఉంది. దాన్ని ఇంపోర్ట్ చేయాలంటే ఆ కీకి ఏడబ్ల్యూఎస్ ఇచ్చిన ఐడీ కూడా కావాలి. యూజర్ల జాబితా అడిగితే ఎన్ని కీలున్నాయో లెక్క మాత్రమే వస్తుంది, కీలు రావు. ఒక్కొక్కరి వివరాలూ విడిగా అడగాలి. చిన్న స్క్రిప్ట్ రాసి ఆ పని చేయిస్తే, ఇద్దరికి అసలు ఒక్క కీ కూడా లేదని తేలింది. ఈ సర్వర్‌లో పాస్‌వర్డ్ ఉండదు. యూజర్లను సర్వీసే చూసుకునే పద్ధతిలో లోపలికి రావాలంటే కీ ఒక్కటే దారి. అంటే ఆ ఇద్దరూ ఎప్పుడూ లాగిన్ కాలేని యూజర్లు. ఇంకొకరికేమో మూడు కీలు. వాటిలో ఒకటి ఎప్పుడో ఉద్యోగం మానేసిన కంప్యూటర్ ఆపరేటర్‌దట, ఫోన్ చేసి అడిగితే తెలిసింది. ఇంకోటి పారేసిన ల్యాప్‌టాప్‌ది. అవి తీసేశాక 38 యూజర్లు, 38 కీలు మిగిలాయి. కన్సోల్‌లో ఇన్నాళ్లూ ఎవరి కంటా పడని విషయాలు, కోడ్‌లోకి తెచ్చే వంకతో బయటపడ్డాయి.

అసలు తప్పు తర్వాత చేశాను. యూజర్ల పేర్లన్నీ ఒక లిస్ట్‌లో పెట్టి, కౌంట్ వాడి రిసోర్స్ రాశాను. ఒకరికొక కీయే కాబట్టి కీలకూ అదే నంబర్. మూడు వారాలు హాయిగా నడిచింది. తర్వాత లిస్ట్‌లో ఆరో స్థానంలో ఉన్న స్టాకిస్టు మాతో వ్యాపారం మానేశాడు. ఆ ఒక్క పేరు తీసేసి అప్లై (మార్పులు అమలుచేసే కమాండ్) కొట్టాను. ప్లాన్, అంటే ఏమేం మారబోతోందో ముందే చూపే జాబితా, చూశానా అంటే, చూశాను, స్క్రోల్ చేశాను, చదవలేదు. చదివి ఉంటే 33 మంది యూజర్లు పోతారని, 32 మంది కొత్తగా వస్తారని అక్కడే రాసి ఉంది.

కౌంట్‌కి మనుషుల పేర్లతో పని లేదు, స్థానాలతోనే పని. ఆరో పేరు తీసేస్తే ఏడో అతను ఆరోవాడవుతాడు, ఎనిమిదో అతను ఏడోవాడవుతాడు, చివరిదాకా ఇంతే. యూజర్ పేరు మారితే ఉన్న యూజర్‌ని సరిదిద్దడం కుదరదు, తీసేసి మళ్లీ చేయాలి. టెరాఫార్మ్ మామూలుగా పది పనులు ఒకేసారి చేస్తుంది. ఆరో స్థానంలో ఏడో అతన్ని చేయబోయేసరికి పాత ఏడో అతను ఇంకా బతికే ఉన్నాడు. 'ఈ యూజర్ ఇప్పటికే ఉన్నాడు' అని ఎర్రర్. ఆ మరుక్షణమే ఆ పాత అతను కూడా డిలీట్ అయిపోయాడు. మొత్తం ఆగేసరికి 11 మంది సర్వర్ మీద ఎక్కడా లేరు. టైమ్ పది నలభై.

గుంటూరు నుంచి మొదటి ఫోన్. "అన్నా, నిన్నటి దాకా బానే ఉంది, ఇవాళ లాగిన్ అవట్లేదు. మా నెట్ ప్రాబ్లమా?" కాదన్నా, ఐదు నిమిషాలు ఆగు అన్నాను. చేతులు వణుకుతుంటే మళ్లీ అప్లై చేశాను. ఈసారి పాతవాళ్లెవరూ అడ్డం లేరు కాబట్టి మిగిలినవాళ్లంతా కీలతో సహా వచ్చేశారు. ఫైళ్లకు ఏమీ కాలేదు, అది అదృష్టం కాదు. అవి ఉన్నది బకెట్‌లో. పాత లైనక్స్ మెషిన్‌లో లాగా యూజర్‌ని తీసేస్తే హోమ్ డైరెక్టరీ పోతుందన్న భయం ఇక్కడ అక్కర్లేదు. ఇక్కడ యూజర్ అంటే ఒక పేరు, ఒక ఐఏఎమ్ రోల్ (ఏమేం చేయొచ్చో చెప్పే అనుమతులు), ఏ ఫోల్డర్‌కి దారి, ఏ కీ, అంతే. ఈ సంగతి నాకు ముందే తెలుసనుకున్నాను. ఆ పది నిమిషాల టెన్షన్‌లో గానీ ఒంటికి పట్టలేదు.

ఆ సాయంత్రమే కౌంట్ తీసేసి ఫర్ ఈచ్‌కి మార్చడం మొదలుపెట్టాను. ఇప్పుడు ప్రతి యూజర్‌కీ గుర్తు వాళ్ల పేరే, నంబర్ కాదు. కానీ ఊరికే మార్చేస్తే టెరాఫార్మ్ అందర్నీ మళ్లీ తీసి మళ్లీ పెడతానంటుంది. టెరాఫార్మ్ 1.1 నుంచి మూవ్డ్ అనే బ్లాక్ ఉంది, 'ఫలానా నంబర్‌తో ఉన్నది ఇకనుంచి ఫలానా పేరుతో ఉంటుంది' అని చెప్పడానికి. 37 యూజర్లకు, 37 కీలకు మొత్తం 74 బ్లాకులు. చేత్తో రాస్తే మళ్లీ ఎక్కడో తప్పు చేస్తానని స్క్రిప్ట్‌తో రాయించాను. ప్లాన్‌లో యాడ్ సున్నా, చేంజ్ సున్నా, డిస్ట్రాయ్ సున్నా. ఈసారి మాత్రం అక్షరం వదలకుండా చదివాను.

అంతలో వరంగల్ నుంచి ఇంకో కబురు. "సార్, పైకి వెళ్తే పక్క షాపు వాళ్ల ఫోల్డర్ కూడా కనిపిస్తోంది." నిజమే. పాత యూజర్లందరికీ హోమ్ డైరెక్టరీ పాత్ రకం, అంటే బకెట్‌లోని అసలు దారే కనిపించే రకం, రోల్ ఏమో అందరికీ ఒక్కటే. పైనుంచి కట్టడి చేసే సెషన్ పాలసీ చాలామందికి లేనేలేదు. పోటీ వ్యాపారులు ఒకరి సరుకు లెక్క ఒకరు చూడగలిగారంటే, ఎవరూ గొడవ చేయకపోవడమే ఆశ్చర్యం.

దాంతో అందరినీ లాజికల్ రకానికి మార్చాను. స్టాకిస్టుకి కనిపించేది అప్‌లోడ్, డౌన్‌లోడ్ అని రెండే ఫోల్డర్లు. వెనకాల అవి బకెట్‌లో ఎక్కడున్నాయో వాళ్లకు తెలియదు, పైకి వెళ్లడానికి పైన ఏమీ లేదు. డౌన్‌లోడ్‌లో వాళ్లు రాయకూడదు కాబట్టి సెషన్ పాలసీ కూడా కావాలి. ఇక్కడ రెండు చోట్ల పడ్డాను. పాలసీలో ట్రాన్స్‌ఫర్ యూజర్ నేమ్ అనే వేరియబుల్‌ని డాలర్ గుర్తు, ఫ్లవర్ బ్రాకెట్‌తో రాయాలి. టెరాఫార్మ్ కూడా తన వేరియబుల్స్‌ని అలాగే గుర్తుపడుతుంది. అది నాదే అనుకుని తినబోయి, అర్థం కాక ఎర్రర్ ఇచ్చింది. ముందు ఇంకో డాలర్ పెడితే వదిలేస్తుంది. ఈ ఒక్క డాలర్ కోసం ఒక పూట పోయింది. రెండోది, పాత పాలసీల నుంచి కాపీ కొట్టిన హోమ్ ఫోల్డర్, హోమ్ బకెట్ వేరియబుల్స్ లాజికల్ రకంతో పనిచేయవు. యూజర్ నేమ్ ఒక్కటే నమ్ముకోవాలి.

ఇన్ని చేశాక కూడా కొంతమందికి డౌన్‌లోడ్ ఫోల్డర్ కనిపించలేదు. ఎస్‌3లో నిజానికి ఫోల్డర్లు లేవు, ఫైళ్ల పేర్లే ఉంటాయి. లోపల ఫైల్ ఒక్కటీ లేకపోతే ఆ ఫోల్డర్ లేనట్టే, ట్రాన్స్‌ఫర్ కూడా ఆ ఎంట్రీని పట్టించుకోదు. పేరు చివర స్లాష్ ఉన్న సున్నా బైట్ల ఆబ్జెక్ట్ ఒకటి పెట్టాలి. దాన్ని కూడా కోడ్‌లోనే యూజర్‌తో పాటు పెట్టేశాను.

ఇప్పుడు యూజర్ల వివరాలన్నీ ఒక యామల్ ఫైల్‌లో ఉన్నాయి: పేరు, ఫోల్డర్, కీలు. టెరాఫార్మ్ రాని మా సపోర్ట్ టీమ్ పిల్లలు కూడా ఐదారు లైన్లు చేర్చి రివ్యూకి పెడతారు. యూజర్ పేరుకి కనీసం మూడు అక్షరాలు ఉండాలన్న నియమం ఒక రెండక్షరాల షాపు పేరు దగ్గర తెలిసింది, దానికొక చెక్ పెట్టాను. కీల చెక్ మాత్రం ఇంకా నేనే కంటితో చూస్తున్నాను. స్టాకిస్టులు కీలు తయారుచేసే పుట్టీజెన్‌లో సేవ్ పబ్లిక్ కీ నొక్కి, నాలుగైదు లైన్ల ఫైల్ పంపుతారు. అది ఇక్కడ చెల్లదు, ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ రకం ఒకే లైన్ కావాలి. ఇంకా ధైర్యవంతులు ఎవరికీ ఇవ్వకూడని ప్రైవేట్ కీనే వాట్సాప్‌లో పంపుతారు. అప్పుడు కొత్తది చేయించడం తప్ప దారి లేదు.

మొన్న ఖమ్మం నుంచి కొత్త స్టాకిస్టు చేరారు. ఉదయం కీ వచ్చింది, మధ్యాహ్నానికి రివ్యూ అయింది, అప్లై అయింది. ఒక యూజర్, ఒక కీ, రెండు ఖాళీ ఆబ్జెక్టులు, ప్లాన్‌లో యాడ్ నాలుగు, డిస్ట్రాయ్ సున్నా. రెండు గంటలకు వాళ్ల ఆపరేటర్ ఫోన్ చేశాడు.

"సార్, అంతా సెట్ చేశాం. మరి పాస్‌వర్డ్ ఎప్పుడు ఇస్తారు సార్?"