61 కీలతో బాఖ్ నుంచి షోపాన్ దాకా: ఏడో నెల

61 కీల ఎలక్ట్రానిక్ కీబోర్డు మీద పాశ్చాత్య సంగీతం నేర్చుకుంటున్నాను. ఈ నెల లెక్క: రోజుకు 40 నిమిషాలు, వారానికి ఐదు రోజులు. బాఖ్ పూర్తయింది, మోజార్ట్ ఒక పేజీ వచ్చింది, బీథోవెన్ దగ్గర బోల్తా పడ్డాను, షోపాన్ ఇప్పుడే మొదలైంది.

బాఖ్ 1722 సంపుటిలోని సి మేజర్ ప్రిల్యూడ్ (చిన్న రచన) 35 బార్లు, అంటే మన ఆవర్తాల్లాంటి ముక్కలు. చివరి మూడు తప్ప ప్రతి బార్‌లోనూ మొదటి సగమే మళ్లీ వస్తుంది కాబట్టి చదవడం సులువు. మెట్రోనోమ్ (లయ కొట్టే పరికరం) నిమిషానికి 50 దెబ్బల దగ్గర మొదలుపెట్టి 66కు చేరాను. నా పుస్తకంలో గట్టిగా, మెల్లగా అనే గుర్తులు దండిగా ఉన్నాయి. రెండు వారాలు వాటిని బుద్ధిగా పాటించాక తెలిసింది, అవి బాఖ్ పెట్టినవి కావు, తర్వాతి సంపాదకులు చేర్చినవని! బాఖ్ కాలపు కీబోర్డు వాద్యం హార్ప్సికార్డ్ తీగను మీటుతుంది. కీని ఎంత గట్టిగా నొక్కినా ధ్వని పెద్దగా పెరగదు. అందుకే కీబోర్డులో ఆ వాద్యం ధ్వని పెట్టుకుని, టచ్ సెన్సిటివిటీ (నొక్కే బలాన్ని బట్టి ధ్వని మారే సదుపాయం) ఆపేశాను. తడబడిన చోటల్లా ధ్వని తగ్గించి దాటేసే నా అలవాటు వెంటనే బయటపడింది.

మోజార్ట్ 1788 నాటి సి మేజర్ సొనాటా (కొన్ని భాగాలున్న రచన) మన చెవికి శంకరాభరణమే: స, గ, ప, ని స రి స. ఎడమ చెయ్యి స ప గ ప అంటూ తిరుగుతుంది. ఇక్కడ టచ్ మళ్లీ ఆన్ చేయాలి, ఎందుకంటే పాటంతా కుడి చేతిది, ఎడమది వెనక నిలబడాలి. నా ఎడమ చెయ్యి మాత్రం పెళ్లిలో డోలులా ముందుకొస్తోంది. మందు: కుడి చెయ్యి వాయిస్తుంటే ఎడమ వేళ్లు కీలను తాకాలే తప్ప నొక్కకూడదు. వారంలో తేడా కనిపించింది.

బీథోవెన్ మూన్‌లైట్ సొనాటా (1801) రెండో బార్‌లోనే నా కీబోర్డు అయిపోయింది! ఎడమ చేతి కింది బి స్వరం నాకు లేదు. మోజార్ట్ వాడిన పియానోకూ 61 కీలే, కానీ అది నా కీబోర్డు కన్నా కింద, ఎఫ్ దగ్గర మొదలవుతుంది. ప్రస్తుతానికి పై బి ఒక్కటే వాయిస్తున్నాను.

అసలు తంటా పెడల్‌తో. పియానోలో దాన్ని తొక్కితే నాదాన్ని ఆపే డాంపర్లు తీగల మీంచి లేస్తాయి. వాటిని మొదటి భాగమంతా ఎత్తే ఉంచమని బీథోవెన్ రాశాడు. అలాగే తొక్కిపట్టి ఉంచితే మూడో బార్‌కే స్వరాలన్నీ కలిసి పులుసైపోయాయి. అప్పటి వియన్నా పియానోల్లో నాదం త్వరగా ఆరిపోయేది, నేటి వాటిలో చాలాసేపు నిలుస్తుంది. నా పెడల్ ఉంటే ఉంది, లేకుంటే లేదు అనే రకం, సగం తొక్కడం కుదరదు. కాబట్టి బాస్ (అన్నిటికన్నా కింది స్వరం) మారిన ప్రతిసారీ వదిలి మళ్లీ తొక్కుతున్నాను. ఇంకో మాట: పెడల్ మీద కాలు పెట్టి కీబోర్డు ఆన్ చేస్తే అది తలకిందులుగా పనిచేస్తుంది. పాడైందనుకుని రెండు రోజులు వృథా చేశాను.

షోపాన్ ఇ-మైనర్ ప్రిల్యూడ్ (1839) 25 బార్లే. ఎడమ చేతి కార్డ్‌లలో (ఒకేసారి మోగే స్వరాల గుంపుల్లో) ఒక్కో వేలు ఎక్కువగా అరస్వరం చొప్పున కిందికి జారుతుంది. మోజార్ట్‌లో వాక్యం ఎక్కడ ముగుస్తుందో ముందే తెలుస్తుంది, ఇక్కడ అంచనా దొరకదు. కార్డ్ మారినప్పుడు మాత్రమే నొక్కుతూ, ఏ వేలు కదిలిందో పెన్సిల్‌తో రాసుకుంటున్నాను. ఎనిమిదో బార్ దాకా వచ్చింది.

1910లో అచ్చయిన దెబుస్సీ ప్రిల్యూడ్ ఒకటి ప్రింటు తీశాను. మొదట్లోనే ఆరు ఫ్లాట్లు (స్వరాన్ని అరస్వరం తగ్గించే గుర్తులు) చూసి బీరువాలో పెట్టేశాను.